ఆ వార్త రాసిన ‘మా విలేకరి’ నేనే

ఎన్నికలు ముగిసిన ఆరేడు నెలలకు డెస్క్ నుంచి విలేకరికి ఒక పని వస్తుంది. ఓటేసి ఇప్పుడు బాధపడుతున్నవాళ్లను నలుగురిని పట్టుకుని, మాట్లాడించి, ఫొటోలతో సహా పంపమంటారు. తేలిక పని. టీ కొట్టు దగ్గర స్కూటరు ఆపి ‘ఎట్లుంది పరిస్థితి?’ అంటే చాలు, నలుగురు కాదు, పదిమంది దొరుకుతారు. నా ఉద్యోగంలో ఆ పని ఎన్నిసార్లు చేశానో గుర్తు లేదు. ఒక్కసారి చేసింది మాత్రం గుర్తుంది.

పత్రికల్లోకి కొత్తగా వస్తున్న పిల్లల కోసం ఇది రాస్తున్నాను. ఎప్పుడు ఏ హోదా వచ్చిందో, ఏ బదిలీకి ఎవరిని బతిమాలానో మీకు అక్కర్లేదు. ఓటరు ఎందుకు బాధపడతాడన్నది నాకు ఒక బస్తీ నేర్పింది. నేర్చుకున్నది నేను. పోయిన ఇళ్లు మాత్రం వాళ్లవి.

పేరు వేయని రోజులు

తొంభైల చివర్లో చందానగర్ నుంచి మాదాపూర్ దాకా నాకు అప్పగించారు. గుండ్రటి అద్దాల భవనం అప్పుడే లేచింది. దాని చుట్టూ ఇంకా రాళ్లే. రోజుకు రెండుసార్లు ఎర్రజెండా పట్టుకున్న మనిషి ఒకడు రోడ్డుకు అడ్డంగా నిలబడి విజిల్ వేసేవాడు. బస్సులు, స్కూటర్లు, మేకలు అన్నీ ఆగిపోయేవి. ధన్‌మని రాయి పేలేది. దుమ్ము సర్దుకున్నాక ఎవరి దారిన వాళ్లు వెళ్లేవాళ్లం.

జిల్లా పేజీలకు రాసేవాళ్లకు ఆ రోజుల్లో పేరు వేసేవారు కాదు. వార్త మొదట్లో ఊరి పేరు, దాని పక్కన ‘మా విలేకరి’ అని ఉండేది. కొత్తలో అది నాకు వెలితిగా ఉండేది. మా అమ్మకు పేపరు చూపించి, ఇది నేను రాసిందేనని వేలుపెట్టి చెప్పాల్సి వచ్చేది. పోనుపోను అందులోని సుఖం తెలిసింది. వార్త బాగుంటే నాదని చెప్పుకోవచ్చు. బాగా లేకపోతే ‘మా విలేకరి’ ఎవరో ఎవరికీ తెలియదు.

డెస్క్ ఇన్‌ఛార్జి రాఘవరావు గారిది గోదావరి జిల్లా. కోపం ఎక్కువ, కక్ష లేదు. నేను చేరిన కొత్తలో ఒక స్కూలు వార్తలో తప్పు రాసి, నాలుగు రోజులు దాచి, చివరికి దొరికిపోయాను. ఆయన కేకలు వెయ్యలేదు.

“ఏవయ్యా, తప్పని తెలిసిన రోజే వచ్చి చెప్పేస్తే అది పొరపాటండీ అంటాం, రేపటి పేపర్లో సరిచేస్తాం. నాలుగు రోజులు దాచావనుకో, దాన్ని కాపాడ్డమే నీకు ఉద్యోగం అయిపోద్ది. రెండు ఉద్యోగాలు చెయ్యలేవు నువ్వు, ఒకటే సరిగ్గా చెయ్యట్లేదు” అన్నాడు.

అందరం నవ్వాం. నేను కూడా.

ఒక్క గుడిసె కూడా కదలదు

పేలుడుకు ముందు స్కూటర్లు ఆపే చోట, రోడ్డుకు ఎడమవైపు, రాళ్లు కొట్టేవాళ్ల బస్తీ ఉండేది. పాలమూరు వైపు నుంచి వచ్చినవాళ్లు. రాతి గోడలు, పైన రేకులు. దాన్ని రాళ్లబస్తీ అనేవారు. మొదటి ఇల్లు సాయమ్మది. భర్త నర్సింలు. ఎంత పెద్ద బండనైనా సుత్తెతో నాలుగుచోట్ల తట్టి, చెవి ఆనించి విని, ఎటు చీలుతుందో చెప్పేవాడు. అద్దాల భవనం పునాదికి చాలా రాయి అతని చేతుల మీదుగానే పోయింది.

విజిల్ పడ్డప్పుడల్లా నేను సాయమ్మ ఇంటి ముందు ఆగేవాణ్ణి.

“జర లోపలికి రా సార్, తెల్లంగి ఏసుకొని దుమ్ముల నిలవడ్తివి. నీ పెండ్లాం నన్ను తిడ్తది” అనేది. చెంబుతో నీళ్లు ఇచ్చేది. ఆ పరిచయం వల్లే, ఎన్నికలొచ్చి అభ్యర్థి బస్తీకి వచ్చిన సాయంత్రం నాకు కూర్చోవడానికి ఆ ఇంటి మంచం దొరికింది.

ఆ అభ్యర్థి పేరు ఇక్కడ అనవసరం. నవ్వు ముఖం, చక్కటి మాట. నన్ను ‘తమ్మీ’ అనేవాడు. బండ మీదికెక్కి నిలబడి చెప్పాడు:

“నేనుండంగ ఈ బస్తీల ఒక్క గుడిసె గూడ కదలది. పట్టాలు ఇప్పించే జిమ్మెదారి నాది. రేపు గా అద్దాల మేడల మీ పిల్లలే కుర్సీలేసుకొని కూసుంటరు. పేపరు తమ్ముడు గూడ ఉన్నడు. రాసుకో తమ్మీ!”

రాసుకున్నాను. మర్నాడు జిల్లా పేజీలో పైన, ఫొటోతో వచ్చింది. శీర్షిక నేను పెట్టిందే: ఒక్క గుడిసె కూడా కదలదు. ఆ భూమి ఎవరిదని నేను రెవెన్యూ ఆఫీసులో అడగలేదు. పట్టా ఇచ్చే అధికారం ఎవరికుందో కనుక్కోలేదు. ఆ చుట్టుపక్కల రాళ్ల మీద సున్నంతో గీతలు గీసి ఉన్నాయి. వాటిని రోజూ చూసేవాణ్ణి. అవి ఎందుకని ఎవరినీ అడగలేదు.

గుట్ట మూలన టీ హోటలు నడిపే హోటలాయన ఆ వార్తను బస్తీవాళ్లకు పైకి చదివి వినిపించాడట. సాయమ్మ పేపర్లు రెండు తెప్పించింది. ఒకటి మైదాపిండి ఉడికించి గోడకు అంటించింది. రెండోది కత్తిరించి, రేషన్ కార్డుతో కలిపి ఇనప్పెట్టెలో పెట్టింది. నాకు చూపించింది కూడా. అప్పుడు నాకు కలిగిన గర్వం ఇవాళ తలుచుకుంటే ఒళ్లు ముడుచుకుపోతుంది.

అవతలి అభ్యర్థి ఆ ఊరి ముసలాయన. మాట కటువు. ఒకరోజు ఒక్కడే వచ్చి, నర్సింలు ఇంటి ముందు కర్ర కొట్టి అరిచాడు.

“గా సున్నం గీతలు ఎందుకేసిండ్రురా, మీ పెండ్లికా? కండ్లు గిన దొబ్బినయా? రేపు పొద్దుగాల నా ఎంబడి వకీలు కాడికి రాండ్రి, స్టే తెచ్చుకుందం. ఓటు ఎవనికేసుకుంటరో మీ ఇష్టం.”

నర్సింలు గోడ వైపు చూపించాడు. “పేపర్ల అచ్చయింది తాతా. నువ్వు గూడ ఒకటి అచ్చెయ్యించుకరా, సూద్దాం.”

అందరూ పగలబడి నవ్వారు. ముసలాయన తిట్టుకుంటూ వెళ్లిపోయాడు. నేను అక్కడే ఉన్నాను. మర్నాడు చిన్న వార్త రాశాను. బస్తీవాసులను భయపెట్టి ఓట్లు రాబట్టుకునే ప్రయత్నం అని.

బాలానగర్‌లో చూసిన పటం

పోలింగుకు పదకొండు రోజులుంది. మూతపడ్డ ఒక ఫ్యాక్టరీ కార్మికుల గురించి రాయడానికి బాలానగర్ వెళ్లాను. పని అయ్యాక ఖాజా భాయ్ దుకాణానికి పోయాను. ఇంజినీర్లు గీసిన పటాలకు అమ్మోనియాతో నకళ్లు తీసే దుకాణం. లోపలికి అడుగుపెడితే కళ్లు మండేవి. ఖాజా భాయ్‌కి ఆ వాసన అలవాటు.

“ఆవో సాబ్. చాయ్ చెప్పాల్నా? కండ్లు తుడుసుకో ముందు, ఎవరన్న జూస్తే నేను నిన్ను కొట్టిన్ననుకుంటరు.”

బల్ల మీద పెద్ద పటం ఆరబెట్టి ఉంది. ఎక్కడిదని అడిగాను.

“నీ ఏరియాదే సాబ్. కొత్త సడక్. మాదాపూర్ నుంచి సీదా పోతది. సర్కారు పని, అర్జెంట్ అన్నరు. ఇగ నీ స్కూటర్‌కు ఫికర్ లేదు.”

వంగి చూశాను. రాళ్ల గుట్ట, దాని పక్కన హోటలు ఉన్న మూల, బోరింగు, అన్నీ గుర్తు పట్టగలిగాను. రెండు గీతల మధ్య రోడ్డు. రాళ్లబస్తీ మొత్తం ఆ రెండు గీతల మధ్యలో ఉంది. ‘తొలగించవలసిన గుడిసెలు’ అని చిన్న అక్షరాలతో రాసి ఉంది. కింద సంతకాలు, తేదీలు. అభ్యర్థి బండ ఎక్కడానికి ఎన్నో రోజుల ముందే పెట్టిన సంతకాలు.

సరిగా పడని నకలు ఒకటి ఖాజా భాయ్ పక్కన పడేశాడు. అడిగితే ఇచ్చాడు. మడిచి సంచిలో పెట్టుకున్నాను.

ఇక్కణ్ణుంచి నేను చేసింది ఒక్కటే. ఏమీ చెయ్యలేదు. కారణాలు మాత్రం చాలా చెప్పుకున్నాను. అధికారుల వివరణ లేకుండా వార్త రాయకూడదు కదా అనుకున్నాను. ఎస్టీడీ బూత్ నుంచి, సంతకం పెట్టిన అధికారి ఆఫీసుకు ఒకసారి ఫోన్ చేశాను. సార్ ఎన్నికల డ్యూటీలో ఉన్నారు, పోలింగ్ అయ్యాక చెయ్యండి అన్నారు. రిసీవరు పెట్టేసినప్పుడు నాకు కలిగింది నిరాశ కాదు. హమ్మయ్య అనిపించింది. ఎన్నికల ముందు ఇది రాస్తే ముసలాయన పక్షం తీసుకున్నట్టుంటుందని కూడా అనుకున్నాను. ఆయన మీద ఆ చిన్న వార్త రాసినప్పుడు పక్షపాతం గుర్తుకు రాలేదు.

అసలు కారణం వేరు. ఆ పటం అచ్చయితే, ‘ఒక్క గుడిసె కూడా కదలదు’ అని రాసిన మనిషి వెర్రివాడని తేలిపోతుంది. ఆ వార్త గోడ మీద ఉంది. నాకది గోడ మీద ఉండాలనే ఉంది.

ఆ వారంలోనే రాఘవరావు గారు ఫోన్‌లో అడిగారు. “ఆ రాళ్లబస్తీ వార్తకి జనంలో మంచి పేరొచ్చిందయ్యా. దాని మీద ఇంకేవన్నా ఉందేంటి?”

“ఏం లేదండీ” అన్నాను.

ఎవరూ నన్ను ఆపలేదు. యాజమాన్యం ఒత్తిడి, ప్రకటనల ఒత్తిడి అని మా వాళ్లు తరచూ చెబుతుంటారు. అవి ఉన్నాయి. ఈ విషయంలో లేవు. ఆయనకు చెప్పి ఉంటే వేసేవాడు. నన్ను నాలుగు తిట్టి మరీ వేసేవాడు.

పోలింగు రోజున బస్తీ మొత్తం పొద్దున్నే వరసలో నిలబడింది. సాయమ్మ వేలి మీద సిరా చూపించి, “ఏసినం సార్, నువ్వు రాసినాయనకే” అంది. నా వేలి మీద కూడా సిరా ఉంది. నేను కూడా ఆయనకే వేశాను. సంచిలో పటం పెట్టుకుని.

ఎమ్మార్వో అడిగిన ప్రశ్న

ఆయన గెలిచాడు. మూడు నెలలు గడిచాయి. ఒక ఉదయం బుల్డోజరు వచ్చిందని హోటలాయన ఆఫీసుకు ఫోన్ చేస్తే వెళ్లాను. మండల రెవెన్యూ అధికారి, పోలీసులు, బస్తీ అంతా రోడ్డు మీద. ఎమ్మార్వో చెడ్డవాడు కాదు. సీమ యాసలో మెల్లగా మాట్లాడుతున్నాడు.

“సామాను తీసుకునేదానికి టైమిస్తానమ్మా. నాకు పైనుంచి కాగితం వచ్చింది. నేనేం జేసేది చెప్పు?”

సాయమ్మ ఇనప్పెట్టె తెరిచింది. రేషన్ కార్డు మడతలోంచి నా వార్త తీసి ఆయన చేతికిచ్చింది.

“ఇగో సార్. కదలదని అచ్చయింది. మీరు సదువుకోలేదా?”

పోలీసుల్లో ఒకడు నవ్వాడు. ఎమ్మార్వో నవ్వలేదు. కాగితం అటూ ఇటూ తిప్పి చూశాడు.

“పేపర్లో వచ్చింది పట్టా అయితాదామ్మా? ఎవరు రాసినారు ఇది?”

అందులో నా పేరు లేదు. కానీ సాయమ్మకు నేను తెలుసు. గుంపులో నన్ను వెతికి పట్టుకుని, చెయ్యి చాపి చూపించింది. “గా సారే. గాయన్ని అడుగుండ్రి. సార్, చెప్పు సార్.”

నా మీద ఆమెకు కోపం లేదు. పేపరాయన నోరు విప్పితే బుల్డోజరు వెనక్కి తిరుగుతుందని నమ్మింది, అంతే. ఎమ్మార్వో నా వైపు చూశాడు. బస్తీ అంతా నా వైపు చూసింది.

“ఆయన అన్నది రాశానండీ. అది నా మాట కాదు” అన్నాను.

“అంతే గదా” అని ఎమ్మార్వో కాగితం ఆమెకు తిరిగి ఇచ్చేశాడు.

ఈ ఉద్యోగంలో ఆ వాక్యం మీకు కూడా అలవాటవుతుంది. వాళ్లన్నది రాశాను. అబద్ధం కాదు. నేను అన్న రోజున కూడా అబద్ధం కాదు. అందుకే అంత తేలిగ్గా అనగలిగాను.

సాయమ్మ కాగితాన్ని పాత మడతల మీదనే మడిచి, కొంగున కట్టుకుని, రుబ్బురోలు దొర్లించుకురావడానికి లోపలికి వెళ్లింది. నర్సింలు గునపం తీసుకుని తన ఇంటి గుమ్మం తనే ఊడదీశాడు. చెక్క చీలకుండా, రాయి పగలకుండా, ఒక్కొక్కటీ తట్టి చూసుకుంటూ తీశాడు. ఇచ్చిన టైమంతా దానికే సరిపోయింది.

గోడకు అంటించిన వార్త మాత్రం గోడతోపాటు పోయింది.

రెండు రకాల బాధ

మొదట చెప్పిన ఆ పని డెస్క్ నుంచి నాకు ఆ తర్వాత వచ్చింది. ఓటేసి బాధపడుతున్నవాళ్లను పట్టుకురమ్మన్నారు.

ముందు చందానగర్‌లో మూర్తి గారింటికి వెళ్లాను. బందరు నుంచి వచ్చి స్థిరపడ్డ ప్రభుత్వోద్యోగి. అపార్ట్‌మెంటు సంఘానికి అధ్యక్షుడు. ఆయనా అదే అభ్యర్థికి ఓటేశాడు.

“బాధేనండీ, బాధే. రోడ్డడిగామండి, వేశారు. డ్రైనేజీ అడగడం మర్చిపోయామండి. ఇప్పుడు వానొస్తే రోడ్డు కనపడదు, డ్రైనేజీయే కనపడుద్ది. ఫొటో తీసుకుంటారా? ఉండండి, చొక్కా మార్చుకొస్తా.”

ఇది మామూలు బాధ. ఎక్కువమంది ఓటర్లది ఇదే. ఎక్కువ ఆశపడ్డారు, తక్కువ దొరికింది. వచ్చే ఎన్నికల్లో ఇంకొకరికి వేస్తారు, తీరిపోతుంది. ఇందులో ఎవరికీ సిగ్గు లేదు. మూర్తి గారు చొక్కా మార్చుకొచ్చి నవ్వుతూనే ఫొటో దిగాడు.

రెండో రకం బాధ ఓటుతో తీరేది కాదు. ఓటరు తనకు తెలిసినంతలో సరిగ్గానే ఆలోచిస్తాడు. అతనికి తెలియాల్సిన విషయం ఎక్కడో ఒకచోట, ఎవరి సొరుగులోనో, ఎవరి సంచిలోనో, అప్పటికే ఉంటుంది. పోలింగు దాటాక బయటికొస్తుంది. పోలింగుకు ముందు రాళ్లబస్తీ దగ్గరికి ఇద్దరు అభ్యర్థులూ నడిచి వచ్చారు. ఆ పదకొండు రోజుల్లో వాళ్లు ఎవరినైనా నిలదీయగలరు, వకీలు దగ్గరికి వెళ్లగలరు. దాటాక వాళ్ల దగ్గరికి వచ్చింది బుల్డోజరు ఒక్కటే. జనం డబ్బుకో మందుకో ఓటేసి తర్వాత ఏడుస్తారని మా ఆఫీసుల్లో తేలిగ్గా అనేస్తాం. నేనూ అన్నాను. రాళ్లబస్తీవాళ్లు ఆ రెండిటికీ వెయ్యలేదు. నేను రాసింది చదివించుకుని వేశారు.

నార్సింగి అవతల

బస్తీవాళ్లను నార్సింగి దాటాక ఒక బోడి గుట్ట పక్కన దింపారు. నీళ్లు లేవు. ట్యాంకరు వచ్చినప్పుడే బిందెలు నింపుకోవాలి. నర్సింలు పనికి మాదాపూర్ రావాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. కొత్త రోడ్డుకు కంకర కొట్టే పనే దొరికింది. పాత ఇంటి గుమ్మాన్ని అక్కడ నిలబెట్టుకున్నారు. గోడలింకా లేవలేదు. గుమ్మం ఒక్కటే నిలబడి ఉంది.

నేను వెళ్లేసరికి సాయమ్మ దాని పక్కన కూర్చుని బియ్యం చెరుగుతోంది. నన్ను చూసి లేచింది. పీట వేసింది. ఓటేసినందుకు బాధగా ఉందా అని అడిగాను. అడగడానికి నాకు నోరెలా వచ్చిందో తెలియదు. నోట్‌బుక్ చేతిలో ఉంటే నోరు దానంతటదే వస్తుంది.

“ఓటుదేముంది సార్. గాయన గిట్ల జేస్తడని మాకేమన్న కలొచ్చిందా? ముసలి తాత వకీలు కాడికి పోదామన్నడు. మేం నవ్వినం. గదొక్కటే కడుపుల మండుతది. ఆ తాత మొన్న సచ్చిపోయిండంట. పోయి ఒక మాటన్న చెప్పకపోతిమి.”

మొదటి రెండు వాక్యాలు రాసుకున్నాను. ముసలాయన సంగతి రాసుకోలేదు.

ఆ ఆదివారం పెద్ద వార్త వచ్చింది. నమ్మి ఓటేస్తే నట్టేట ముంచారు అని శీర్షిక. నిలబడ్డ గుమ్మం ఫొటో. తప్పంతా అభ్యర్థిది. రాఘవరావు గారు ఫోన్ చేసి మరీ మెచ్చుకున్నారు. “గుమ్మం ఫొటో అదిరిందయ్యా. ఈ ఏడాదికి నీ బెస్ట్ ఇదే.” ఆ వార్తలో మా పేపరు గోడకు అంటించిన సంగతి లేదు. ముసలాయన లేడు. బాలానగర్ లేదు.

ఇంకొక సంగతీ లేదు. అది ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నేను నోట్‌బుక్ మూసి లేవబోతుంటే సాయమ్మ ఆపింది. చేట కింద పెట్టింది.

“ఒక్కటి అడుగుత సార్, ఏమనుకోకు. ఓట్లకు ముందుగాల నీకేమన్న ఎర్కుండెనా?”

పటం అప్పటికింకా నా సంచిలోనే ఉంది. సంచి నా భుజాన ఉంది.

“లేదు సాయమ్మా. నాకూ తెల్వదు” అన్నాను.

ఆమె తలూపింది. ముఖం తేటపడింది.

“గదే అన్న నేను మా ఇంటాయనతోని. సారుకు ఎర్కుంటే మనకు జెప్పకపోవునా అని. గాయన ఇనడు, లొల్లి పెడ్తడు.” లోపలికి, అంటే ఆ గుమ్మం అవతలికి వెళ్లి, బిందె అడుగున ఉన్న నీళ్లు చెంబులో వంపుకొచ్చింది. “ఎండల వచ్చినవ్. తాగు సార్.”

తాగాను.